అర్ధరాత్రి వాటబర్గర్‌లో శక్కర్‌నగర్ ముచ్చట

ఇప్పటిదాకా మనం ఇందూరు ఖిల్లా, డిచ్‌పల్లి రామాలయం, నిజాంసాగర్ కట్ట అనుకుంట మన జిల్లా చుట్టే తిరిగినం. ఇయ్యాల ముచ్చట మాత్రం అమెరికాలో ఒక బర్గర్ దుకాణం నుంచి మొదలుపెడుత. ‘చరిత్ర చెప్తడనుకుంటే తిండి ముచ్చట పెట్టిండేంది’ అనుకోకండి. చివరికి బోధన్‌కే వస్తం.

పోయిన ఎండకాలం మా మేనల్లుడి దగ్గరికి టెక్సాస్ పోయిన. వాడు డాలస్ పక్కన ఇర్వింగ్‌ల ఉంటడు. ఆ వైపు తెలుగోళ్లు ఎంతమంది అంటే, కూరగాయల దుకాణంల గోంగూర కట్ట చేతిల పట్టుకుని నిలబడితే పక్కనోళ్లు ‘మీదే ఊరండీ’ అని అడుగుతరు. పోయిన కొత్తల నిద్ర పట్టదు గదా, మనకు పగలైతే వాళ్లకు రాత్రి. మూడో రోజు రాత్రి పన్నెండింటికి నేను వంటింట్ల డబ్బాలు తెరిచి చూస్తుంటే మేనల్లుడు లేచి వచ్చిండు.

“నిద్ర పడ్తలేదా మామా? నడు, వాటబర్గర్ పోయొద్దాం.”

నాకు ‘వాటర్ బర్గర్’ అని వినపడ్డది. “నీళ్ల బర్గర్ ఏందిరా?” అన్న. వాడు ఒకటే నవ్వుడు. తర్వాత తెలిసింది, టెక్సాస్‌ల పుట్టి పెరిగినోళ్లు చాలామంది కూడా దాన్ని ‘వాటర్ బర్గర్’ అనే పలుకుతరట. అసలు పేరు ‘వాట్ ఎ బర్గర్’. అంటే ‘అబ్బ, ఏం బర్గర్ రా’ అని. ఆ మాటనే కలిపి రాసి దుకాణం పేరు చేసిండ్రు.

మాతోని వాడి రూమ్మేట్ కూడా వచ్చిండు. ఆ పిల్లగాడిది బోధనే. వాళ్ల తాత షుగర్ ఫ్యాక్టరీల ఫిట్టర్. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, మళ్లీ పనిపడ్తది.

దూరం నుంచే నారింజ, తెలుపు చారలు కనపడ్డయి. లోపల ఎల్‌ఈడీ బోర్డు మీద టోకెన్ నంబర్లు ఏం లేవు. కౌంటర్ దగ్గర ఆర్డర్ చెప్తే చేతికి ఒక నారింజ రంగు ప్లాస్టిక్ నంబర్ ఇస్తరు, చిన్న గుడారం లెక్క ఉంటది. దాన్ని టేబుల్ మీద పెట్టుకుని కూసోవాలె. ఆ నంబర్ చూసి మనిషి ట్రే తెచ్చిస్తడు. ఆ నంబర్ల మీద టెక్సాస్ కాలేజీ పిల్లలకు ఎంత మోజంటే, పుట్టిన తేదీ నంబరో, ఆటల జెర్సీ నంబరో కనపడితే సంచిల వేసుకుని పోతరు. మావోళ్ల గదిల కిటికీ మీద కూడా ఒకటి కనపడ్డది. “కొన్నరా?” అని అడిగితే ఇద్దరూ నా మొహం చూడలే.

ఇగ తిండి సంగతి. ఇక్కడ తమాషా ఏందంటే, బర్గర్ దుకాణంకు పోయిన మా ముగ్గురిల ఎవ్వరం బర్గర్ తినలే. వాళ్ల అసలు బర్గర్ బీఫ్‌తోని చేస్తరు. నేను తినను. మేనల్లుడు ఆ రోజు శనివారం అని మాంసమే ముట్టలే. రూమ్మేట్‌కు హలాల్ కావాలె. అయితే ఆ దుకాణంల రాత్రి 11 గంటల నుంచే పొద్దటి టిఫిన్లు మొదలైతయి, మర్నాడు 11 దాకా నడుస్తయి. వాళ్లిద్దరూ ప్యాన్‌కేకులు చెప్పిండ్రు. మన గోధుమపిండి తీపి అట్ల లెక్కనే ఉంటయి, మీద తేనెలాంటి సిరప్ పోసుకుంటరు. నాకేమో ‘హనీ బటర్ చికెన్ బిస్కెట్’ తెప్పించిండ్రు. బిస్కెట్ అంటే చాయ్‌ల ముంచే ఉస్మానియా బిస్కెట్ అనుకునేరు, కాదు. పొరలు పొరలుగా విడే మెత్తటి ఉప్పు బన్ను. దాని నడుమ వేయించిన కోడి ముక్క, మీద తేనె కలిపిన వెన్న. ఉప్పూ తీపీ ఒక్క నోట్ల కలిసినయి. రెండోది చెప్పమని నేనే అడిగిన, సిగ్గేముంది.

తినుకుంట గోడ మీది పాత ఫోటో చూసిన. ఎవరీయన అని అడిగితే ఇద్దరికీ తెల్వదు. రోజూ తినే దుకాణం చరిత్ర తెల్వకపాయె. ఇంటికి పోయినంక నాలుగు రాత్రులు అదే చదివిన, ఎట్లాగూ నిద్ర లేదు గదా.

ఆయన పేరు హార్మన్ డాబ్సన్. చిన్న విమానాలు నడిపేటోడు, వజ్రాల వ్యాపారం చేసిండు, చమురు బావుల్ల కూడా చేయి పెట్టిండు. 1950 ఆగస్టుల మెక్సికో అఖాతం ఒడ్డున కార్పస్ క్రిస్టీ అనే ఊర్లె, ఒక కాలేజీ ఎదురుంగ చిన్న బండి లాంటి దుకాణం పెట్టిండు. ఆయన లెక్క సాఫ్‌గ ఉండె. బర్గర్ రెండు చేతులతో పట్టుకోవాల్సినంత పెద్దగ ఉండాలె, ఒక్క కొరుకుకు తిన్నోని నోట్ల ‘వాట్ ఎ బర్గర్’ అనే మాట రావాలె. అప్పట్ల బన్నులు మన అరచేతిల సగం ఉండేవి. ఈయనకు 5 అంగుళాల బన్ను కావాలె. అంత పెద్ద బన్ను కాల్చే పెనాలే బజార్ల దొరకవు, విడిగ చేయించుకున్నడు. ధర 25 సెంట్లు.

ఒక భాగస్వామి కూడా ఉండె. 25 సెంట్లను 30 చేద్దామని డాబ్సన్ అన్నడు, ఆయన వద్దన్నడు. ఐదు సెంట్ల దగ్గర ఇద్దరూ విడిపోయిండ్రు. మన దగ్గర హోటల్ భాగస్తులు చాయ్ మీద రూపాయి పెంచుడు కాడ విడిపోయిన కథలు నేను కనీసం మూడు విన్న. కాబట్టి ఈ ముచ్చట నాకు వింత అనిపించలే.

డాబ్సన్ విమానం నడిపేటోడు అని చెప్పిన గదా. ప్రచారం కూడా ఆకాశం నుంచే. విమానం తోకకు దుకాణం పేరు రాసిన గుడ్డ కట్టి ఊరి మీద తిరిగేటోడు. 1961ల పశ్చిమ టెక్సాస్‌ల ఒడెస్సా అనే ఊర్లె నిటారు కప్పు, నారింజ-తెలుపు చారలతోని మొదటి దుకాణం కట్టించిండు. ఆకాశం నుంచి చూస్తే కొట్టొచ్చినట్టు కనపడే రంగులవి, పైలట్ల రంగులు. 1967ల విమాన ప్రమాదంలనే ఆయన పోయిండు. అప్పుడు చాలామంది ఆ వ్యాపారం అమ్మేస్తదనుకున్నరు ఆయన భార్య గ్రేస్‌ను. ఆమె అమ్మలే, నడిపింది. 1982 నుంచి దుకాణాలు రాత్రంతా తెరిచే ఉంచిండ్రు. తర్వాత కొడుకు టామ్ నడిపిండు. 2001ల టెక్సాస్ శాసనసభ దీన్ని ‘టెక్సాస్ సంపద’ అని తీర్మానం చేసింది. బర్గర్ దుకాణానికి శాసనసభ తీర్మానం! మన దగ్గర పౌనా చాయ్‌కి చేస్తే ఎట్లుంటదో ఊహించుకోండి.

ఇంకో ముచ్చట చెప్పాలె. 2024 జూలైల బెరిల్ అనే తుఫాను హ్యూస్టన్‌ను కొట్టింది. 20 లక్షలకు పైన ఇండ్లకు, దుకాణాలకు కరెంట్ పోయింది. ఎక్కడ కరెంట్ ఉంది, ఎక్కడ లేదు అని చూసుకుందామంటే కరెంట్ కంపెనీ మ్యాపు పని చేస్తలేదు. అప్పుడు ఎవరికో ఆలోచన వచ్చింది. వాటబర్గర్ యాప్ తీస్తే తెరిచిన దుకాణాలు నారింజ రంగుల, మూసినవి బూడిద రంగుల కనపడ్తయి. రాత్రింబవళ్లు తెరిచి ఉండే దుకాణం మూసిందంటే ఆ గల్లీకి కరెంట్ లేనట్టే. ఊరంతా బర్గర్ యాప్ చూసి ఏ వాడకు కరెంట్ వచ్చిందో తెలుసుకున్నరు.

ఇదంతా నేను ఆ పిల్లలకు చెప్తుంటే మేనల్లుడు ఒక మాట అందుకున్నడు. “మామా, ఇది ఇప్పుడు టెక్సాసోళ్లది కాదు. 2019లనే అమ్మేసిండ్రు.”

నిజమే. 2019 జూన్‌ల షికాగోకు చెందిన బీడీటీ క్యాపిటల్ పార్ట్‌నర్స్ అనే పెట్టుబడి సంస్థ ఎక్కువ వాటా కొన్నది. డాబ్సన్ కుటుంబం దగ్గర చిన్న వాటా మిగిలింది. ఆ వార్త వచ్చిన దినం టెక్సాస్‌ల ఇంట్ల మనిషి పోయినట్టు చేసిండ్రట. హ్యూస్టన్ ఫుట్‌బాల్ ఆటగాడు జె.జె. వాట్ అయితే మనమందరం చందాలేసుకుని వాపస్ కొనుక్కుందాం అని ట్విట్టర్‌ల రాసిండు. కొన్నంక మొదటి పని, నేను తిన్న ఆ హనీ బటర్ బిస్కెట్‌ను రోజంతా అమ్ముడు అని కూడా రాసిండు. ఆ మాటకు నేనైతే చేయి ఎత్తిన.

అప్పుడు ఆ రూమ్మేట్ పిల్లగాడు ప్యాన్‌కేక్ ముక్క నోట్ల పెట్టుకోబోయి ఆగిండు. “అంకుల్, మన ఫ్యాక్టరీ అమ్మినప్పుడు కూడ బోధన్‌ల ఇట్లనే ఏడ్చిండ్రా?” అన్నడు.

ఆ పిల్లగాడు 2002ల పసిపిల్లగాడు. వానికి ఫ్యాక్టరీ అంటే మూసిన గేటే. ఆ రాత్రి వానికి చెప్పిందే ఇప్పుడు మీకూ చెప్తున్న, కొంచెం వివరంగ.

ముందు నీళ్లు. మంజీర మీద అచ్చంపేట, బంజెపల్లి దగ్గర 1923ల నిజాంసాగర్ పని మొదలైంది, 1931ల అయిపోయింది. ఇంజనీరు నవాబ్ అలీ నవాజ్ జంగ్. ఆయన పుట్టిన రోజు జూలై 11నే ఇయ్యాల తెలంగాణల ఇంజనీర్ల దినోత్సవం చేసుకుంటున్నం. 2 లక్షల 75 వేల ఎకరాలకు నీళ్లు ఇయ్యాలని లెక్క. నీళ్లు వచ్చినయి గానీ అంత భూమి సాగు చేసే అనుభవం, పెట్టుబడి అప్పట్ల మన దగ్గర అందరికీ లేకుండె. అప్పుడు కోస్తా జిల్లాల నుంచి రైతులు బండ్లు కట్టుకుని వచ్చిండ్రు. బోధన్, వర్ని, కోటగిరి వైపు పోతే ఇప్పటికీ ఊరి పేర్ల చివర ‘క్యాంపు’ అని ఉంటది చూడండి, అవన్నీ ఆ రాకడ గుర్తులే.

నీళ్ల వెనుక చెరుకు, చెరుకు వెనుక ఫ్యాక్టరీ. 1937ల ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ పాలనల బోధన్‌ల నిజాం షుగర్ ఫ్యాక్టరీ పెట్టిండ్రు. దాని చుట్టూ లేచిన కాలనీకి పేరే శక్కర్‌నగర్. శక్కర అంటే చక్కెర. ఊరి పేరుల తీపి ఉన్న జాగా మన రాష్ట్రంల ఇంకెన్ని ఉన్నయో! ఒకప్పుడు ఆసియా ఖండంలనే పెద్ద చక్కెర ఫ్యాక్టరీ అని చిన్నప్పుడు బడిల మాకు చెప్పేటోళ్లు. రుద్రూర్‌ల చెరుకు పరిశోధన కేంద్రం కూడా వచ్చింది. అంటే కట్ట, కాలువ, పంట, పరిశోధన, మిల్లు, కాలనీ అన్నీ ఒకదాన్ని చూసి ఒకటి వచ్చినయి. డాబ్సన్ దుకాణం ఒక మనిషి మొండితనంతోని లేస్తే, మనది ఒక రాజ్యం కాగితాల మీద గీసుకుని కట్టింది.

నాకు గుర్తున్నది చెప్త. మా మేనమామ చెరుకు పెట్టేటోడు. గానుగాట మొదలైందంటే శక్కర్‌నగర్ రోడ్డు మీద ఎడ్ల బండ్లు, ట్రాక్టర్లు బారులు తీరేవి. రాత్రంతా లైన్ల ఉండాలె. బండి కింద పండుకునేటోళ్లం. మడ్డి వాసన, అదే మొలాసిస్ వాసన, కొత్తోళ్లకు ముక్కు మూసుకోవాలనిపిస్తది, మాకు మాత్రం ఆకలి పుట్టించేది. బడి పిల్లలు బండి వెనుక ఉరికి చెరుకు గుంజేటోళ్లు. బండోడు తిడ్తడు గానీ దిగి కొట్టడు. ఆ ఒక్క గడ తోని ఇంటిదాకా నడిచేది.

2002ల రాష్ట్ర ప్రభుత్వం బోధన్ ఫ్యాక్టరీతోని పాటు మెట్‌పల్లి దగ్గరి ముత్యంపేట, మెదక్ దగ్గరి మంబోజిపల్లి ఫ్యాక్టరీలను కూడా కలిపి 51 శాతం వాటాను ప్రైవేటు కంపెనీకి ఇచ్చింది. 49 శాతం సర్కారు దగ్గర ఉంది. కొత్త పేరు నిజాం దక్కన్ షుగర్స్. ధర్నాలు అయినయి, అసెంబ్లీ సభాసంఘం కూర్చున్నది, ప్రతి ఎన్నికలకూ ఒక మాట ఇచ్చిండ్రు. 2015 డిసెంబర్‌ల లేఆఫ్ ప్రకటించి మూడు ఫ్యాక్టరీలను మూసిండ్రు. 2024ల కొత్త ప్రభుత్వం తెరిపించుడు మీద కమిటీ వేసింది.

ఇప్పుడు ఆ పిల్లగాని ప్రశ్న. టెక్సాసోళ్లు ఏడ్చిండ్రు, బోధనోళ్లు ఏడ్చిండ్రు. రెండూ ఒకటేనా?

పైకి చూస్తే ఒకటే. ఊరిది అనుకున్నదాన్ల సగం కన్న ఎక్కువ బయటోళ్ల చేతికి పోయింది. ఇద్దరికీ కాగితం మీద అది ఎన్నడూ తమది కాదు. వాటబర్గర్ డాబ్సన్ కుటుంబంది, షుగర్ ఫ్యాక్టరీ సర్కారుది. అయినా ఊరోళ్లు మాది అన్నరు. నేను తప్పు పట్ట. రాత్రి రెండింటికి ఆకలైతే పోయే దుకాణం, పిల్ల పెండ్లికి పైసలు తెచ్చే ఫ్యాక్టరీ, వాటిని మనది అనకపోతే ఇంకేం అంటం?

కానీ ఒక తేడా ఉంది, అది చెరుకుల ఉంది. ఆ మాట మన దగ్గర ప్రైవేటీకరణ మంచిదా చెడ్డదా అని కొట్లాడేటోళ్లు తక్కువ చెప్తరు. షికాగోవాళ్లు కొన్న మర్నాడు పొద్దున కూడా వాటబర్గర్ పొయ్యి మండింది. తిన్నోనికి రుచి మారినట్టు అనిపించొచ్చు, అదే నిజమని ప్రమాణం చేసి చెప్పేటోళ్లు నాకు ఇర్వింగ్‌లనే కలిసిండ్రు. అంతకంటే నష్టం లేదు. దుకాణాలు పెరిగినయి కూడా, ఇప్పుడు 1,000 దాటినయి. నచ్చకపోతే రోడ్డుకు అటు ఇంకో బర్గర్ దుకాణం ఉంది.

చెరుకు అట్ల కాదు. కోసిన గంట నుంచే దాన్ల తీపి తగ్గుడు మొదలైతది. ఒక దినంల మిల్లుల పడాలె, రెండో దినం దాటితే రైతుకు నష్టం, మిల్లుకు నష్టం. బరువు కూడా చూడండి. 100 కిలోల చెరుకు ఆడిస్తే వచ్చే చక్కెర 10 కిలోలు, అటూ ఇటూ. మిగతా 90 కిలోల నీళ్లూ పిప్పీ మోసుకుని వంద కిలోమీటర్లు పోతే డీజిల్‌కే సరి. అందుకే లోకంల ఎక్కడైనా చక్కెర మిల్లు చేను పక్కనే ఉంటది, క్యూబాలనైనా, మహారాష్ట్రలనైనా. పైగా చెరుకు ఒకసారి నాటితే కార్శి పంట కూడ తీసుకోవాలె, రెండు మూడేండ్ల ముచ్చట. అంటే మిల్లు రేపు నడుస్తదా అన్న అనుమానం వచ్చిన దినమే రైతు చెరుకు పెట్టుడు మానుతడు. చెరుకు తగ్గితే మిల్లు నష్టమంటది. మిల్లు నష్టమంటే ఇంకో రైతు మానుతడు. బోధన్‌ల జరిగింది ఇదే. తాళం 2015ల పడ్డది గానీ, చేన్లల్ల అంతకు ముందునుంచే వరి వచ్చి కూసున్నది. సారంగాపూర్ సహకార ఫ్యాక్టరీ మూతపడ్డది కూడా మనం కండ్లారా చూసినం.

నన్నడిగితే 51 శాతం అనే అంకె మీద మనం పడ్డ కొట్లాటల పదో వంతు కూడా, ‘ఈ మిల్లుకు వచ్చే మూడేండ్లు చెరుకు ఎవరు పెడ్తరు, వాళ్లకు పైసలు ఎన్ని దినాలల్ల ఇస్తరు’ అనే ప్రశ్న మీద పెట్టలే. ఇప్పుడు తెరిపిస్తమంటున్నరు గదా, తెరిపియ్యాలె, సంతోషం. కానీ గేటు తాళం తీసుడు ఒక్క పూట పని. వరి, మక్క, పసుపులకు అలవాటైన చేన్ల మళ్ల చెరుకు నిలబెట్టుడు మూడు నాలుగేండ్ల పని. ఆ రైతు ముందు నమ్మాలె.

ఆ రాత్రి ఇదంతా చెప్పేసరికి ఒకటిన్నర అయింది. రూమ్మేట్ పిల్లగాడు కొంచెంసేపు సప్పుడు చేయలే. తర్వాత ఫోన్ తీసి ఒక ఫోటో చూపించిండు. వాళ్ల తాత ఫ్యాక్టరీ గేట్ పాస్. మూలలు నలిగిన అట్ట ముక్క, మీద చిన్న నలుపు తెలుపు బొమ్మ, ఒక నంబరు. ఇల్లు సర్దేటప్పుడు వాళ్ల అమ్మ పారేస్తుంటే వీడు ఫోటో తీసుకున్నడట.

“అట్ట ముక్క ఉందా ఇంకా?” అని అడిగిన.

“తెల్వదు అంకుల్. రేపు అమ్మకు ఫోన్ చేస్త.”

బయటికి వచ్చేటప్పుడు టేబుల్ మీద మా నారింజ నంబర్ అట్లనే ఉంది, 37. మేనల్లుడు దాని దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు. నేనే దాన్ని తీస్కపోయి కౌంటర్ మీద పెట్టి వచ్చిన.

మీ ఇంట్ల శక్కర్‌నగర్ గేట్ పాస్ గానీ, చెరుకు తూకం చిట్టీ గానీ, ఫ్యాక్టరీ క్వార్టర్ల ఫోటో గానీ ఉంటే పారెయ్యకండి, ఒక ఫోటో తీసి దాచండి. వచ్చే ఎపిసోడ్‌ల అలీసాగర్ పోదాం. కట్ట మీద నడుచుకుంట మాట్లాడుకుందాం. ఉంట మరి.